బొక్కలకు కాపలా

మహబూబాబాద్ దవాఖానలో ఎక్స్‌రే గది తలుపు మూసి, "కదలకు బాపూ" అని చెప్పి అందరూ బయటికి పోయారు. ఆ చల్లటి బల్ల మీద నన్నొక్కణ్ణే వదిలేశారు. ప్రమాదమేమీ లేనిదైతే వాళ్లంతా ఎందుకు బయటికి పోవాలి? లేచాక ఈ మాట అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు. నా వెనక వచ్చిన మనిషిని నాకంటే ముందు ఎందుకు పిలిచారని కూడా అడిగాను. దానికీ జవాబు లేదు. రెండూ గుర్తుపెట్టుకున్నాను.

చిన్న వయసు డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసింది. నల్లటి దాంట్లో నా కాలు తెల్లగా, ఎవరిదో రాతికాలులా కనిపించింది.

"బొక్క ఇరగలే బాపూ. సన్నగ పర్రె వాసింది, ఎంటికంత పగులు, గంతే. కర్ర పట్టుకొని నడువు. భయపడకు."

"భయపడుడు మంచిదే బిడ్డా" అన్నాను.

అన్నాక నేనే ఉలిక్కిపడ్డాను. కాలి నొప్పికి కాదు. ఆ మాట నాది కాదు. భూపాలపల్లిలో ఒక పార్కు కాపలాదారుది. డాక్టరమ్మ అన్న "బొక్క" అనే మాట, నేనన్న ఈ మాట, రెండూ కలిసి పదేళ్లకు పైగా నేను తప్పించుకు తిరుగుతున్న మనిషిని నా ఎదుట నిలబెట్టాయి.

అతన్ని అందరూ సప్పుడు తాత అనేవాళ్లు. బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాడు. నుదుటి మీద రెండు నీలం గీతలుండేవి. గాయంలో బొగ్గుపొడి చేరి పైన చర్మం మూసుకుంటే అట్లా మిగిలిపోతాయట. ఎడమ చెవిని కొంచెం ముందుకు పెట్టి నడిచేవాడు. చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర ఉండేది. ఆ కర్ర నడవడానికి కాదు, కొట్టి వినడానికి. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి వినాలట. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిన కప్పు బోలుగా పలుకుతుంది. ఆ అలవాటు పైకి వచ్చినా పోలేదు. గోడ కనిపిస్తే గోడను, చెట్టు కనిపిస్తే చెట్టును రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి, తల ఊపి ముందుకు పోయేవాడు.

నేను పాలకుర్తి దగ్గర పుట్టినవాణ్ణి. అప్పట్లో భూపాలపల్లి బడిలో మాస్టరుగా ఉన్నాను. ఒకరోజు ఏడో తరగతి పిల్లల్ని ఆ పార్కుకు తీసుకుపోయి నేను ఒక బెంచీ మీద కూర్చున్నాను. అతను వచ్చి బెంచీ కాళ్ల దగ్గర నేలను రెండు దెబ్బలు కొట్టాడు.

"లే సారూ, లే. జల్ది లే."

పాము అనుకుని ఎగిరి దుంకాను. చేతిలోని హాజరుపట్టీ పడిపోయింది.

"ఏంది? ఏడున్నది?"

"ఏం లేదు. నేల బోలుగున్నది. మన కిందంత బోలే గద సారూ, ఎన్నేండ్ల సంది తోడుతున్నం." నన్ను ఎగాదిగా చూసి పిల్లల వైపు తిరిగాడు. "సారుకు భయమున్నదిరా. మంచిదే. భయపడుడు మంచిదే. భయమున్నోడే పైకస్తడు."

పిల్లలు నవ్వారు. మర్నాడు నల్లబల్ల మీద "భయం సారు" అని ఉంది. ఎవరి చేతిరాతో నాకు తెలుసు. ఆ పిల్లవాడికిప్పుడు ఇద్దరు పిల్లలు, అయినా నేను మరిచిపోలేదు. కాపలాదారు మీద పార్కు చూసే ఆఫీసుకు ఆ సాయంత్రమే ఫిర్యాదు రాశాను. వాళ్లు బెంచీని పక్కకు జరిపించారు. ఆ వానకాలంలో బెంచీ ఉన్న చోటే నేల మోకాలిలోతు కుంగింది. ఫిర్యాదును మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు.

అతను చెప్పినవన్నీ జరిగాయని కాదు. మా బడిలో నాలుగో గది కప్పును కొట్టి చూసి "గిది ఉండది సారూ" అన్నాడు. ఆ కప్పు ఇప్పటికీ పడలేదు. కానీ ఆ గదిలో పాఠం చెప్పినన్నాళ్లూ నా మెడ పైకే ఉండేది. పిల్లలు లెక్క తప్పు చేసినా నాకు కనిపించేది కాదు.

అంత భయం ఎందుకని ఒకసారి అడిగాను.

"నా జోడిదారు ఒకడుండె. నేను రెండు దెబ్బలు కొట్టిన. సప్పుడు బోలుగచ్చింది. జరుగుర అన్న. నవ్విండు." కర్ర పొన్నును బొటనవేలితో తుడిచాడు. "గంతే. నేను పైకచ్చిన."

ఆ తర్వాత ఆ కథ ఎప్పుడూ చెప్పలేదు.

సాయంత్రాలు నేను ఆ పార్కులోనే కూర్చుని అర్జీలు రాసేవాణ్ణి. నీళ్లు రాని కుళాయి మీద, జనగామలో నన్ను ఎక్కించుకోకుండా పోయిన బస్సు మీద, నా ఇంటిపేరు తప్పుగా రాసిన హెడ్మాస్టరు మీద. అతను దూరం నుంచే అడిగేవాడు.

"ఇయ్యాల ఎవరి మీద సారూ?"

నేను చెప్పేవాణ్ణి. "ఆఁ, కొట్టు కొట్టు. రెండు దెబ్బలు కొట్టు. సప్పుడస్తదేమో సూద్దాం" అని నవ్వి పోయేవాడు. సప్పుడు ఎప్పుడూ రాలేదు.

ఒక ఎండకాలంలో పార్కులో ఫౌంటెన్ కట్టాలని గుంత తవ్వడం మొదలుపెట్టారు. నడుంలోతు పోయాక గడ్డపార ఖణేలుమంది. అతను పరుగున దిగి, కూలీలను పక్కకు జరిపి, కర్రతో రెండు దెబ్బలు కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"బండ సప్పుడు కాదిది. ఆపుండ్రి."

మట్టి తుడిస్తే మనిషి నడుమంత లావున్న కాలి బొక్క ఒకటి బయటపడింది. దాని పక్కన వెన్నుపూసలు గిన్నెలు బోర్లించినట్టు వరసగా ఉన్నాయి. అన్నీ రాయిగా మారి ఉన్నాయి. ఊరంతా వచ్చి చూసింది. రాకాసి బొక్కలన్నారు. ఇప్పుడే లేస్తుందేమో అన్నట్టు పిల్లల్ని వెనక్కి లాగారు. ఒకామె పసుపు చల్లి పోయింది. నేను గుంత అంచున నిలబడి చూశాను. అంత పెద్ద జంతువు మా అడుగుల కింద పడుకుని ఉండగా ఇన్నాళ్లు దాని మీద బెంచీ వేసుకుని కూర్చున్నామనే ఆలోచనకే నా అరికాళ్లు చెమర్చాయి.

పట్నం కాలేజీ నుంచి ఒక మేడం విద్యార్థులతో వచ్చింది. చిన్న బ్రష్షుతో ఒక రోజంతా మట్టి తుడిచి, కోట్ల ఏళ్ల కిందటి జంతువని చెప్పింది. మళ్లీ వస్తానని, అప్పటిదాకా వాన పడనీయొద్దని, ఎవరినీ ముట్టనీయొద్దని అతనికి చెప్పి పోయింది. ఆమె ఇంకెవరికీ చెప్పలేదు, అతనికే చెప్పింది. అక్కడ చదువుకున్నవాణ్ణి నేను కూడా ఉన్నాను. సరే.

ఆ రోజు నుంచి అతను గుంత విడిచి పోలేదు. బాయిలో పారేసిన బెల్టు రబ్బరు ముక్కలు మోసుకొచ్చి బొక్కల మీద కప్పాడు. అన్నం అక్కడే తినేవాడు.

"బొగ్గును రాకాసి బొగ్గంటిమి, తోడుకొని అమ్ముకుంటిమి. బొక్కలనన్న ఇడిసిపెడుదాం సారూ" అనేవాడు.

వానలు దగ్గరపడ్డాయి. మేడం రాలేదు. ఉద్యమం రోజులవి. రెండు రోజులు బస్సులు నడిస్తే నాలుగు రోజులు బందు. ఒక సాయంత్రం అతనే నా దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు.

"సారూ, ఒక్క అర్జీ నాది రాయి. పైన రేకులెయ్యుమని. రబ్బరు ఆగదు. బొక్కలు పాడైతయి."

నాకు గర్వం కలిగింది. మొదటిసారి ఒక మనిషి నా అర్జీ కోసం వచ్చాడు. రాశాను. చదివి వినిపించాను: "ఫౌంటెన్ తవ్విన చోట పెద్ద పెద్ద బొక్కలున్నవి. పిల్లలు వాటి చుట్టూ మూగుతున్నారు. వానలు పడకముందే తగిన ఏర్పాటు చేయగలరు."

అతను తల గోక్కున్నాడు. "మేడం ఇంకేదో మాటన్నది సారూ. నాకు నోరు తిరుగలే. ఆఫీసుల ఉన్నది ఆంధ్ర సారట. ఆయన మాటల రాయరాదు?"

అక్కడే నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు. నేను ట్రైనింగుకు కోస్తా ఊరికి పోయిన ఏడాది మా నాయిన ఎడ్లబండి మీంచి పడ్డాడు. లెక్చరరు ముందు నిలబడి "మా నాయిన చెయ్యి బొక్క ఇరిగింది, సెలవు కావాలె సార్" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, "బొక్క ఎలా విరుగుతుందయ్యా? బొక్క పడుతుంది గానీ" అన్నాడు. అక్కడ బొక్క అంటే రంధ్రం. క్లాసంతా నవ్వింది. మా నాయినకు ఎట్లుందని ఎవరూ అడగలేదు. ఆ నవ్వు అప్పటికే పాతికేళ్లకు పైగా నా చెవిలో ఉంది. పైగా అంతకు రెండు రోజుల ముందే ధర్నా టెంటులో మైకు పట్టుకుని, మన మాట మనం రాయాలె, సిగ్గుపడొద్దని గొంతు చించుకుని చప్పట్లు కొట్టించుకున్నాను.

"మన మాట మనకుండంగ వాళ్ల మాటెందుకు తాతా? సమజ్ కాకపోతే అడిగి తెలుసుకుంటరు."

"నీ ఇష్టం సారూ. నాకైతే భయమైతున్నది."

"నీకెప్పుడు భయం కాలే?" అన్నాను. అర్జీ కింద అతని వేలిముద్ర కాదు, నా సంతకమే పెట్టాను.

వాళ్లు అడిగి తెలుసుకోలేదు. మూడు వారాల తర్వాత, ఒక బందు రోజు ఉదయం, మొరం నింపుకున్న టిప్పర్ పార్కులోకి వచ్చింది. కూడలిలో పోలీసులున్నారు. బడి లేదు కాబట్టి నేను అటు నడిచి వచ్చాను. గేటు దగ్గరికి వచ్చేసరికి అతని కేక వినిపించింది.

గుంత అంచున తెల్లచొక్కా సూపర్‌వైజరు చేతిలో కాగితం పట్టుకుని ఉన్నాడు. తాత గుంతలో రబ్బరు ముక్కల మీద కూర్చుని ఉన్నాడు.

"బొక్కలున్నయి! కింద బొక్కలున్నయి సారూ!"

"ఉన్నాయనే కదయ్యా పూడుస్తున్నాం" అన్నాడు సూపర్‌వైజరు.

"అయ్యో, పూడ్సుడు కాదు, బొక్కలు, రాకాసి బొక్కలు!"

"పెద్దవేనయ్యా, కాదన్నానా? పిల్లలు పడితే ఎవరిది బాధ్యత? లేచి రా." నన్ను చూసి మర్యాదగా నవ్వాడు. "ఎవరో మాస్టారేనండి రాశారు, పార్కులో పెద్ద పెద్ద బొక్కలున్నాయి, పిల్లలు మూగుతున్నారు అని. మంచి పని చేశారాయన."

టిప్పర్ డ్రైవరు మన వైపు మనిషే. అతనికి అర్థమైంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "సార్, ఆయన జెప్పేది వేరేది సార్" అన్నాడు.

"నువ్వు బండి చూసుకో" అన్నాడు సూపర్‌వైజరు. డ్రైవరు తల లోపలికి తీసుకున్నాడు.

అప్పుడు తాత నన్ను చూశాడు. చూసి కొంచెం తేలికపడ్డాడు. ఆ తేలికపడడమే నేను మరిచిపోలేకపోతున్నాను.

"సారచ్చిండు. సారూ, సదువుకున్నోనివి, ఈయనకు సమజయ్యేటట్టు జెప్పు. ఒక్క మాట జెప్పు."

ఒక్క మాటే. "బొక్క అంటే ఎముక అండీ, రాసింది నేనే" అంటే చాలు. నోరు తెరిచాను కూడా. సూపర్‌వైజరు నా వైపు తిరిగి, కళ్లద్దాలు పైకి జరిపాడు. అంతే చేశాడు. ఇంకా నవ్వలేదు. కానీ నవ్వబోతాడని నాకు తెలుసు. చెవుల్లో ఆ క్లాసంతా మోగింది. తెరిచిన నోరు మూసుకున్నాను.

కూడలిలో పోలీసులున్నారు, ధర్నాలకు పోయిన టీచర్ల పేర్లు రాసుకుంటున్నారు, అందుకే ఆగానని తర్వాత చాలామందికి చెప్పాను. చాలాసార్లు నేనూ నమ్మాను.

ఇంజను శబ్దం పెరిగింది. టిప్పర్ తొట్టి కొంచెం లేచింది. చారెడు మొరం జారి తాత భుజం మీద పడింది. అతను కదల్లేదు. డ్రైవరు దిగి గుంత అంచుకు వచ్చాడు. అతనికి ఏడుపొకటే తక్కువ.

"తాతా, లే. నాకెరుకైంది. గని నా మాట ఎవలింటరు? నా కొలువు వోతది తాతా. నీ మీద పోస్తే నేను బతుకుతనా?"

అతను డ్రైవరు ముఖం చూశాడు. తర్వాత రబ్బరు ముక్కలను సరిచేసి, మూలలు లోపలికి దోపి, నిద్రపోయే పిల్లకు కప్పినట్టు కప్పాడు. కర్ర పట్టుకుని పైకి వచ్చాడు.

"భయమున్నోడే పైకస్తడు" అన్నాడు, ఎవరితోనో.

మొరం పడిన శబ్దం చాలాసేపు వినిపించింది.

ఆ నెలలో నేను ఆఫీసరు మీద, సూపర్‌వైజరు మీద, కాంట్రాక్టరు మీద అర్జీలు పెట్టాను. భాష తెలియని అధికారుల మీద రెండు పేజీలు రాశాను. అన్నీ నిజాలే. మొదటి అర్జీలో ఆ మాట రాసింది ఎవరో మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. తర్వాత సమ్మె వచ్చింది, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మేడం వచ్చిందో లేదో నాకు తెలియదు.

అతను రోజూ సాయంత్రం పూడ్చిన నేల మీదికి పోయి రెండు దెబ్బలు కొట్టి, వంగి చెవి పెట్టేవాడు.

"ఉన్నయి సారూ. ఇన్నేండ్లు మన్నుల లేవా? కప్పితే పోవు. మల్ల ఎవడన్న గడ్డపార దింపుతడేమో, గదే భయం."

రాసింది మాస్టారని సూపర్‌వైజరు అన్నప్పుడు అతను అక్కడే ఉన్నాడు. కాగితం నేను చదివితే విన్నవాడు. అతనికి తెలుసు. ఒక్కసారి కూడా అనలేదు. పాత గొంతుతోనే, "ఇయ్యాల ఎవరి మీద సారూ?" అని అడిగేవాడు. అందులో ఎత్తిపొడుపు వెతికాను. నేను వెతికితే దొరకని ఎత్తిపొడుపు లేదు. అందులో దొరకలేదు. అప్పటి నుంచి ఆ మనిషంటే నాకు భయం పట్టుకుంది.

ఒకరోజు నేను రాసుకుంటుండగా దగ్గరికి వచ్చి, కర్ర పక్కన పెట్టి, వేళ్లతో నా రొమ్ము మీద రెండు సార్లు తట్టాడు. తల వంచి విన్నాడు.

"ఏమైంది తాతా?"

"ఏం లేదు సారూ" అని పోయాడు.

తర్వాతి వేసవిలో నేను మహబూబాబాద్‌కు బదిలీ పెట్టించుకున్నాను.

కాలు కుదిరిన తర్వాత, కర్ర పట్టుకుని, రెండు బస్సులు మారి భూపాలపల్లి పోయాను. రాష్ట్రం వచ్చి చాలా ఏళ్లయింది. పార్కులో పలకలు పరిచి నడిచే బాట వేశారు, కసరత్తు చేసే ఇనుప సామాన్లు పెట్టారు. ఫౌంటెన్ గుంత ఉన్న చోట మాత్రం పలకలు లేవు. బంతి మొక్కలున్నాయి. ఊడుస్తున్న ఆమెను కాపలా తాత ఏడని అడిగాను. పక్క తండా నుంచి వచ్చే మనిషి, యాభై ఏళ్లుంటాయి.

"తాత పోయి రెండు వానకాలాలైంది సారూ. నువ్వెవలు?"

ఒకప్పుడు ఇక్కడ మాస్టరునని చెప్పాను. ఏ మాస్టరో చెప్పలేదు.

"ఈ బంతి ఆయన పెట్టిందే. వేరు లోతుకు పోని మొక్కనే పెట్టాలె, ఈడ గడ్డపార దింపనియ్యొద్దని నాకు జెప్పిపోయిండు. మొన్న గా ఇనుప సామాన్లు ఈడ పాతుతమని అచ్చిండ్రు. నేను పోయి నడుమ కూసున్న."

"భయం కాలేదా చెల్లే?"

"ఎందుకు గాదు? మస్తు భయమైంది. కూసున్న గంతే."

అతని పేరేమిటని అడిగాను. అన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. నా అర్జీల్లో కూడా వాచ్‌మెన్ అనే రాశాను. ఆమె చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పితే నెల రోజులు కొట్లాడినవాణ్ణి. ఆ పేరు రాసే హక్కు నాకు లేదు.

బంతి మొక్కల అంచున నా కర్రతో రెండు దెబ్బలు కొట్టాను. వంగి చెవి పెట్టాను. గట్టిగా పలికిందో బోలుగా పలికిందో నాకు తెలియలేదు. గుండె శబ్దమే వినిపించింది. ఇప్పుడు ఆఫీసులో ఉన్నది మనవాళ్లే. బొక్క అంటే వాళ్లకు తెలుసు. వంక పెట్టడానికి ఎవరూ మిగల్లేదు.

బెంచీ మీద కూర్చుని కాగితం తీశాను. మొదటి వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. పార్కులో బొక్కలున్నాయని, అంటే ఎముకలని, మొదట అది చెప్పకుండా అర్జీ రాసి వాటిని పూడ్పించింది, అడిగినప్పుడు నోరు మెదపనిది ఒకే మనిషని రాశాను.

ఆమె చీపురు భుజాన వేసుకుని నా దగ్గర ఆగింది.

"ఏందది సారూ, అర్జీనా? ఎవరి మీద?"

తల ఎత్తడానికి భయమైంది. ఎత్తాను.

"నా మీదనే చెల్లే."

ఆమె నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నవ్వనిచ్చాను.